బీరువాలో స్టార్ ట్రెక్

టీవీ చరిత్రలో బాగా పేరున్న వైద్య పరికరాల్లో ఒకటి నిజానికి ఉప్పు డబ్బా. జోక్ కాదు. 1966 సెప్టెంబర్ 8న అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్లో ‘స్టార్ ట్రెక్’ మొదటి ఎపిసోడ్ వచ్చింది. పేరు ‘ద మ్యాన్ ట్రాప్’. అందులో ఒక వింత జీవి మనుషుల ఒంట్లోని ఉప్పంతా పీల్చేస్తుంది. కథలో ఉప్పు డబ్బా కనపడాలి కాబట్టి, ఎక్కడో భవిష్యత్తు నుంచి ఊడిపడ్డట్టుండే డిజైన్లు వెతికి మరీ కొన్నారు. తీరా చూస్తే అవి మరీ వింతగా ఉన్నాయి. చూసేవాళ్లకి అది ఉప్పు డబ్బా అని తెలిస్తే కదా! దాంతో కథకి మామూలు డబ్బాలు పెట్టేసి, కొన్నవాటికి కాస్త మార్పులు చేసి డాక్టర్ మెకాయ్ చేతికిచ్చారు. ఆయన దాన్ని రోగి మీద అలా తిప్పుతాడు, కుయ్‌మని సౌండొస్తుంది, జబ్బేంటో తెలిసిపోతుంది. మూడు సీజన్లు, 79 ఎపిసోడ్ల ఆ సీరియల్ని ప్రపంచం ఇప్పటికీ చూస్తోంది. ఆ ఉప్పు డబ్బాకి ఇప్పుడు అభిమానులున్నారు, కొలతలున్నాయి, నకళ్లు ఉన్నాయి. అలాంటి నకలు ఒకటి మా ఇంట్లో గోద్రేజ్ బీరువా రెండో అరలో, అమ్మ పట్టుచీరల పక్కన ఉంది.

నేనుండేది విజయవాడ గవర్నర్‌పేట. చదివింది ఇంజినీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్. పొద్దున్నించీ సాయంత్రం దాకా ఇంట్లోంచే కోడ్ రాస్తా. నేను రాసింది చేత్తో ముట్టుకోవడం కుదరదు. ఆర్నెల్ల తర్వాత వేరే ఎవరో దాన్ని తీసేసి కొత్తది రాస్తారు. బహుశా అందుకేనేమో, చేతిలో బరువుగా తగిలే వస్తువులంటే పిచ్చి పట్టుకుంది. అందులోనూ టీవీ సైన్స్ ఫిక్షన్‌లో కనపడే వస్తువులంటే. నెలకి నాలుగు వేలు దాటకూడదని రూలు పెట్టుకున్నా. ఇప్పటికి బీరువాలో పదకొండు ఉన్నాయి. కొన్నవి నాలుగే, మిగతావన్నీ చేసుకున్నవి.

చూడ్డానికొచ్చిన ప్రతి చుట్టమూ అడిగేది ఒకటే. “ఒరిజినలా, డూప్లికేటా?” నిజానికి ఈ ప్రశ్నకి మన భాషలోనే మంచి సమాధానం ఉంది. నకలు వేరు, నకిలీ వేరు. రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు నకలు తీసుకుంటాం, దాని మీద నకలు అనే రాసుంటుంది, ఎవరినీ మోసం చెయ్యదు. నకిలీ దస్తావేజు అయితే జైలు. ఈ హాబీ మొత్తం ఆ రెండు మాటల మధ్యే నడుస్తుంది. ఆ సంగతి తర్వాత చెప్తా, ఎందుకంటే మా ఫ్రెండ్ ఒకడు సరిగ్గా ఆ గీత మీదే నిలబడాల్సి వచ్చింది.

హీరో ఎవరు, డూప్ ఎవరు

షూటింగ్‌లో వాడే వస్తువులకి కూడా మన సినిమాల్లోలాగే హీరో, డూప్ ఉంటారు. క్లోజప్‌లో చూపించడానికి లైట్లు వెలిగేలా, మూత తెరుచుకునేలా, పెయింట్ నీట్‌గా ఉండేలా చేసినదాన్ని హీరో ప్రాప్ అంటారు. నటుడు పరిగెత్తేటప్పుడు నడుముకి వేలాడేది, ఫైట్‌లో కింద పడేది స్టంట్ ప్రాప్. రబ్బరో ఫోమో పోసి రంగేస్తారు, అంతే. దగ్గర్నుంచి చూస్తే నవ్వొస్తుంది. అందుకే “అచ్చం టీవీలో ఉన్నట్టే ఉంది” అని ఎవరైనా అమ్ముతుంటే, ఏ ఎపిసోడ్, ఏ సీన్, హీరోనా స్టంటా అని అడగాలి. జవాబు చెప్పలేకపోతే అది పిల్లలాడుకునే బొమ్మే.

ఇక నకళ్లలో రెండు జాతులు. ఒకటి, టీవీలో కనపడాల్సినట్టు తీర్చిదిద్దినవి. గీతలు తిన్నగా, అంచులు పదునుగా, అసలు వస్తువు కంటే అందంగా ఉంటాయి. రెండోది, అసలు దానిలో ఉన్న వంకరతో సహా దించినవి. ఒక వైపు బటన్ కాస్త పక్కకుంటే నకల్లో కూడా పక్కకే ఉండాలి. నాకు రెండో రకమే ఇష్టం. మొదటిది చూస్తే పెళ్లి ఫొటోలో ఎడిటర్ మొహం తెల్లగా చేసేసిన పెళ్లికొడుకు గుర్తొస్తాడు.

స్టార్ ట్రెక్‌లో ఫ్లిప్ మూతతో ఉండే కమ్యూనికేటర్, భుజానికి తగిలించుకునే ట్రైకార్డర్ ఎవరు చేశారో తెలుసా? వా చాంగ్ అనే చైనా మూలాలున్న శిల్పి. 1917లో హొనలూలూలో పుట్టాడు. ఇరవైల్లో పోలియో వచ్చింది, అయినా పని ఆపలేదు. 1960లో వచ్చిన ‘ద టైమ్ మెషీన్’ సినిమాకి పనిచేసిన స్టూడియోలో ఆయన భాగస్వామి. ఆ సినిమా ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ వచ్చింది కానీ అవార్డు మీద ఆయన పేరు లేదు. స్టార్ ట్రెక్‌లోనూ అదే కథ. ఆయన అక్కడి యూనియన్ సభ్యుడు కాడు. యూనియన్ అభ్యంతరం చెప్పేసరికి, ఇవి మేం చేయించినవి కావు, ఆయన సొంతంగా చేసుకున్నవి రెడీమేడ్‌గా కొన్నాం అని నిర్మాతలు చెప్పుకోవాల్సి వచ్చింది. దాంతో టైటిల్స్‌లో పేరు పడలేదు. 2003లో పోయాడు. మూత తీసి మాట్లాడే ఫోన్ మన చేతుల్లోకి వచ్చింది 1996లో, మోటరోలా స్టార్‌టాక్ రూపంలో. అప్పటికి చాంగ్ చేసిన మూత తెరుచుకుని ముప్పై ఏళ్లు.

కమ్యూనికేటర్ తెరిస్తే మధ్యలో గుండ్రటి కిటికీ ఉంటుంది. అందులో గీతలు అలల్లా తిరుగుతుంటాయి. ఇంట్లోనే చూడొచ్చు ఈ ఎఫెక్ట్‌ని. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి వేసి ఒకదాన్ని కదిపితే అలలు కనపడతాయి కదా, అదే. మోయిరే అంటారు. గీతలున్న రెండు పలకల్లో ఒకటి కదలకుండా ఉంటుంది, ఇంకోటి తిరుగుతుంది. మరి 1966లో అరచేతిలో పట్టేంత డబ్బాలో దాన్ని తిప్పిందేంటి? మోటారు కాదు, కీ ఇచ్చే స్టాప్‌వాచ్ మిషన్!

ఇది చదివిన రోజు సాయంత్రమే బీసెంట్ రోడ్డు పక్క సందులో వాచ్ రిపేరు చేసే బాబాయ్ దగ్గరికి వెళ్లా. నలభై ఏళ్ల నుంచి అదే బల్ల, అదే కంటికి పెట్టుకునే అద్దం. స్కూల్లో పీఈటీ మాస్టార్ల మెళ్లో ఉండేలాంటి పాత స్టాప్‌వాచ్ కావాలన్నా. డబ్బాలోంచి మూడు తీశాడు. “పరుగు పందేలకా బాబూ?” అన్నాడు. ఫోన్లో వీడియో చూపించా. రెండుసార్లు చూశాడు. “ముల్లు ఉండే చక్రం మీద పెడితే నిమిషానికి ఒక్క చుట్టే తిరుగుద్ది, నీ వీడియోలో ఇంకా స్పీడుంది. లోపల ఇంకో చక్రం ఉంది, దానిమీద పెడదాం” అన్నాడు. ఎపిసోడ్ ఒక్కటి కూడా చూడని మనిషి, పది నిమిషాల్లో పట్టేశాడు. గీతల డిస్క్‌ని ట్రాన్స్‌పరెంట్ షీట్ మీద ప్రింట్ తీయించి ఇచ్చా. కీ ఇస్తే నలభై సెకన్లు తిరుగుతుంది, చెవి దగ్గర పెట్టుకుంటే టిక్ టిక్‌మంటుంది. కంపెనీవాళ్లు అమ్మేదాంట్లో ఆ టిక్ టిక్ లేదు.

ఐస్‌క్రీమ్ మిషన్‌లో బంగారం

ఈ హాబీలో నిజమైన మజా వేట. తక్కువ బడ్జెట్‌తో తీసే టీవీ సీరియల్స్‌లో ప్రాప్‌లు ఆకాశం నుంచి రావు, దుకాణం నుంచి వస్తాయి. ‘డాక్టర్ హూ’లో 1963 డిసెంబర్‌లో మొదటిసారి వచ్చిన డాలెక్‌లనే చూడండి. ప్రపంచాన్ని వణికించే ఆ యంత్రం చెయ్యి, సింక్ జామ్ అయితే పొడిచే రబ్బరు ప్లంజర్. దాన్ని డిజైన్ చేసిన రేమండ్ క్యూసిక్ బీబీసీలో జీతగాడు. కథ రాసిన టెర్రీ నేషన్ హక్కులతో బాగా సంపాదించాడు, క్యూసిక్‌కి చిన్న బోనస్ తప్ప రాయల్టీ రాలేదు. స్టార్ వార్స్ సినిమాలో ల్యూక్ పట్టుకునే లైట్ సేబర్ పిడి, గ్రాఫ్లెక్స్ అనే పాత కెమెరా ఫ్లాష్ హ్యాండిల్. కలెక్టర్లు ఎగబడి కొనేసరికి పాత కెమెరాలు వాడేవాళ్లకి ఫ్లాష్‌లు దొరకడం మానేశాయి, వాళ్లు మనల్ని తిట్టుకుంటారు. తిట్టుకోవడంలో న్యాయం ఉంది కూడా.

నాకు నచ్చిన కథ మాత్రం ఐస్‌క్రీమ్ మిషన్‌ది. 1980లో వచ్చిన ‘ద ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’లో ఊరు ఖాళీ చేసే సీన్లో ఒకతను తెల్లటి డబ్బా పట్టుకుని పరిగెడతాడు. అది ఇంట్లో ఐస్‌క్రీమ్ చేసుకునే మిషన్ అని అభిమానులు కనిపెట్టి ఏళ్ల తరబడి నవ్వుకున్నారు. 2019లో ‘ద మాండలోరియన్’ సిరీస్ తీసినవాళ్లు ఆ జోక్‌ని సీరియస్‌గా తీసుకుని, అదే డబ్బాకి కామ్‌టోనో అని పేరు పెట్టి, అందులో విలువైన లోహం దాచారు. జోక్ కాస్తా కథలో భాగమైపోయింది.

ఈ వేటకి గవర్నర్‌పేట లాంటి చోటు ఇంకోటి ఉండదని నా నమ్మకం. నడిచేంత దూరంలో మొబైల్ స్పేర్ పార్టుల షాపులు, స్టిక్కర్ కటింగ్ వాళ్లు, రబ్బరు స్టాంపులు చేసేవాళ్లు, షీల్డులూ కప్పులూ అమ్మేవాళ్లు. షీల్డుల షాపులో లేజర్ మిషన్ ఉంటుంది. యాక్రిలిక్ ముక్క మీద మిల్లీమీటర్లో సగం గీత కూడా తెగుతుంది. ఇంటర్ కాలేజీ టాపర్ల షీల్డుల మధ్యలో నా ట్రైకార్డర్ ప్యానెల్ కోయించుకున్నా. సైజు ఇచ్చేటప్పుడు ఒక్కటే జాగ్రత్త. లేజర్ తన మందం మేర మెటీరియల్ని తినేస్తుంది, అందుకే కన్నం కొలతలో ఆ మేరకు తగ్గించి గీయాలి.

అల్యూమినియం పని కావాలంటే ఆటోనగర్. ‘డాక్టర్ హూ’ చేతిలో ఉండే సోనిక్ స్క్రూడ్రైవర్ లేత్ మిషన్ మీద తిప్పించుకున్నా. లారీ బుష్‌లు చేసే మేస్త్రీకి డ్రాయింగ్ చూపిస్తే, “ఇది ఏ బండికండీ?” అన్నాడు. పోలీస్ బాక్స్ ఆకారంలో ఉండే బండి, కాలంలో తిరుగుద్ది అని చెప్పా. “ఆర్సీ ఉందా?” అన్నాడు నవ్వకుండా. (అన్నట్టు, ఆ పోలీస్ బాక్స్ బొమ్మ మీద ట్రేడ్‌మార్క్ తమదేనని లండన్ పోలీసులకీ బీబీసీకీ గొడవ జరిగి, 2002లో బీబీసీనే గెలిచింది.)

3డి ప్రింటర్ ఉంటే చాలు కదా అని అడుగుతారు. చాలదు. ప్రింటర్ ఇచ్చేది పచ్చి ఇటుక లాంటిది. పొరకి 0.2 మిల్లీమీటర్ల చొప్పున పేర్చుకుంటూ పోతుంది, ఆ పొరల గీతలు కనపడతాయి. పుట్టీ పెట్టు, ఎమరీ పేపర్‌తో రుద్దు, ప్రైమర్ కొట్టు, లోపాలు బయటపడతాయి, మళ్లీ పుట్టీ పెట్టు. 120 నంబరు పేపర్‌తో మొదలెట్టి 800 దాకా నీళ్లతో రుద్దాలి. ప్రింట్‌కి తొమ్మిది గంటలు పడితే రుద్దడానికి మూడు ఆదివారాలు. మేలో అయితే ఇంకో సమస్య. ఆ ప్రింట్ పీఎల్ఏ ప్లాస్టిక్‌తో చేసిందైతే, అరవై డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. బెజవాడ ఎండలో ఆపిన కారులో వదిలేస్తే వంగిపోతుంది. ఇక్కడ ఏబీఎస్ వాడటమే మంచిది.

ఒక్కసారి మాత్రం ప్లాస్టిక్ వదిలేసి కొండపల్లి వెళ్లా. తెల్ల పొణికి కర్ర తెలుసుగా, దూదిలా తేలిక. ముక్కల్ని చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, రంగులేస్తారు. అక్కడ ఒక పెద్దాయనకి డాలెక్ ఫొటో చూపించి అరడుగు బొమ్మ చేయించుకున్నా. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, “ఏ దేవుడు బాబూ ఈయన?” అన్నారు. దేవుడు కాదు తాతా, రాక్షసుడు అన్నా. “మరి అలా చెప్పాలిగా” అని రంగు మార్చి, కోరమీసం లాంటి గీత ఒకటి పెట్టారు. నకలు లెక్కన అది సున్నా మార్కుల వస్తువు. కానీ సంక్రాంతి బొమ్మల కొలువులో అమ్మ చోటిచ్చింది దానికొక్కదానికే. దశావతారాల కింద మెట్టు మీద, పెళ్లివారి పల్లకీ పక్కన నిలబడుతుంది.

రాఖీ కడితేనే ఫ్రీ

కొందామంటే అసలు దెబ్బ కస్టమ్స్ దగ్గర. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. పైన జీఎస్టీ. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి బీఐఎస్ మార్కు తప్పనిసరి. ఇవన్నీ చౌకబారు ప్లాస్టిక్ బొమ్మల్ని ఆపడానికి పెట్టిన రూల్సు. మన కొండపల్లి, ఏటికొప్పాక వాళ్లకి మేలు జరిగితే నాకేం బాధ లేదు. కానీ పార్శిల్ విప్పిన ఆఫీసరుకి నా ఫేజర్ బొమ్మా, మోడలా, టీవీ రిమోటా అన్నది ఎలా తెలుస్తుంది? నిజంగానే అది రిమోట్ కూడా కావచ్చు. ఇంగ్లండ్‌లో వాండ్ కంపెనీ అని ఉంది, వాళ్లు 2014లో తెచ్చిన ఫేజర్ టీవీ రిమోట్‌గా పనిచేస్తుంది. 2016లో తెచ్చిన కమ్యూనికేటర్‌ని బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపి మాట్లాడొచ్చు.

పూర్వం అయిదు వేల రూపాయల లోపు గిఫ్టు పోస్టులో వస్తే సుంకం ఉండేది కాదు. 2019 డిసెంబర్‌లో దాన్ని తీసేశారు. ప్రాణాధార మందులకీ రాఖీలకీ మాత్రం మినహాయింపు ఉంచారు. డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు, “ఒరేయ్, ఫేజర్‌కి రాఖీ కట్టి పంపనా?” అని ఏడిపిస్తుంటుంది. చివరికి వచ్చేది దాని సూట్‌కేస్‌లోనే. వచ్చేటప్పుడు ఫేజర్, వెళ్లేటప్పుడు ఆవకాయ. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. తుపాకీ ఆకారంలో ఉన్నది ఏదైనా, బొమ్మ తుపాకీ అయినా సరే, విమానంలో చేతి సంచిలో పెట్టకూడదు. చెకిన్ బ్యాగులో పెట్టాలి, వీలైతే ముక్కలు విడదీసి.

మనవాళ్ల సంగతేంటి అని అడుగుతారని తెలుసు. నాన్నకి ‘స్టార్ ట్రెక్’ తెలిసింది దూరదర్శన్‌లోనే, ఎనభైల్లో. చేతికున్న వాచీలో మాట్లాడి మరమనిషిని పిలిచే ‘జెయింట్ రోబో’ కూడా అప్పటిదే. తర్వాత ‘ఇంద్రధనుష్’, ‘స్పేస్ సిటీ సిగ్మా’, 1998లో మిలింద్ సోమన్ ‘కెప్టెన్ వ్యోమ్’. తెలుగులో అయితే వెంటనే గుర్తొచ్చేది టీవీ కాదు, సినిమా. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారి ‘ఆదిత్య 369’, పేకేటి రంగా కళా దర్శకత్వంలో తయారైన ఆ టైమ్ మెషీన్. దానికి మంచి నకలు చెయ్యాలని ఉంది. డీవీడీలోంచి ఫ్రేములు తీసుకుని, పక్కన నిలబడ్డ మనిషి ఎత్తుని బట్టి కొలతలు లెక్కేస్తున్నా. ఇక 2024లో ‘కల్కి 2898 ఏడీ’ బుజ్జి. దానికి ముందు ‘బుజ్జి అండ్ భైరవ’ పేరుతో ప్రైమ్ వీడియోలో యానిమేషన్ సిరీస్ వచ్చింది, కాబట్టి టీవీ కోటాలో వేసేసుకుంటున్నా. ఆ బండిని మహీంద్రా, కోయంబత్తూరు జయమ్ ఆటోమోటివ్స్ వాళ్లతో కలిసి నిజంగానే నడిచేలా కట్టారు, ఆరు టన్నులు. దాన్ని బీరువాలో పెట్టలేం.

వెయ్యి డాలర్ల ఓడ

నకలు ఇంత ముద్దొచ్చేది అసలు మనకి అందదు కాబట్టే. 2006 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ స్టార్ ట్రెక్ వస్తువుల వేలం పెడితే, ‘నెక్స్ట్ జనరేషన్’ సిరీస్‌లోని ఎంటర్‌ప్రైజ్ ఓడ నమూనా 5,76,000 డాలర్లకి పోయింది. 2023 అక్టోబర్‌లో, నమూనాలు చేయడంలో దిట్ట అయిన గ్రెగ్ జైన్ సేకరణని ఆయన పోయాక వేలం వేస్తే, స్టార్ వార్స్ ఎక్స్-వింగ్ ఒక్కటే 31,35,000 డాలర్లు పలికింది.

వీటన్నింటికంటే వింత, మొదటి సిరీస్ ఎంటర్‌ప్రైజ్ కథ. దానికి రెండు నమూనాలు. పదకొండు అడుగుల పెద్దది వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. మూడడుగుల చిన్నది సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ దగ్గర ఉండేది. 1970ల చివర్లో సినిమా పని కోసం అరువిస్తే తిరిగి రాలేదు. నలభై ఏళ్లు దాటిపోయాయి. 2023లో ఈబేలో వెయ్యి డాలర్ల ప్రారంభ ధరతో ఎవరో అమ్మకానికి పెట్టారు! కలెక్టర్లు ఫొటో చూసి గుర్తుపట్టి గోల చేస్తే ఆ ప్రకటన మాయమైంది. వస్తువు డాలస్‌లోని హెరిటేజ్ ఆక్షన్స్ నిపుణుల దగ్గరికి చేరింది, వాళ్లు అసలుదేనని తేల్చారు. 2024 ఏప్రిల్‌లో రాడెన్‌బెరీ కొడుక్కి అప్పజెప్పారు.

ఎలా తేలుస్తారంటే, మచ్చలు చూసి. పెయింట్ ఎక్కడ లేచింది, కన్నం ఎంత పక్కకి పడింది, గీత ఎక్కడ ఆగింది. వీటిని ఎపిసోడ్ ఫ్రేములతో పోలుస్తారు. పుట్టుమచ్చలు చూసి తప్పిపోయిన కొడుకుని గుర్తుపట్టే మన పాత సినిమాలే అనుకోండి. కాగితాలు సరే, కాగితాలకి కూడా నకిలీలుంటాయి.

బుడమేరు నీళ్లలో

ఇప్పుడు ఫ్రెండ్ సంగతి. నాతో ఇంజినీరింగ్ చదివాడు, ఇల్లు అజిత్‌సింగ్ నగర్‌లో, గ్రౌండ్ ఫ్లోర్. ఈ పిచ్చి నాకంటించింది వాడే. అద్దాల షోకేస్‌లో ఆరు వస్తువులు, అన్నీ లైసెన్సున్న నకళ్లు, అన్నింటికీ బాక్సులూ సర్టిఫికెట్లూ దాచుకున్నాడు. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం, బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపంతా మునిగింది. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. వాళ్లమ్మగారినీ నాన్నగారినీ మేడ మీదకి ఎక్కించేసరికే నడుము లోతు. షోకేస్ గురించి ఎవడు ఆలోచిస్తాడు? అయిదు రోజుల తర్వాత మేం లోపలికి వెళ్తే మోకాలి ఎత్తున బురద, ఒకటే కంపు. ముందు బియ్యం బస్తా, ఫ్రిజ్, మంచాలు బయట పడేశాం. షోకేస్ దగ్గరికి మూడో రోజు వెళ్లాం.

బాక్సులు, సర్టిఫికెట్లు గుజ్జయిపోయాయి. హెల్మెట్ కడిగితే బాగుపడింది. ట్రైకార్డర్ పట్టీకి బూజు. బ్లూటూత్ కమ్యూనికేటర్ లోపల బోర్డు పచ్చగా మారింది. ఇలాంటప్పుడు బియ్యంలో పెట్టడం వల్ల ఒరిగేదేం లేదు. ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి, నీళ్లు తాగిన లిథియం బ్యాటరీని మళ్లీ ఛార్జింగ్ పెట్టనే కూడదు. డిస్టిల్డ్ వాటర్‌తో బురద కడిగి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి రుద్ది ఆరనివ్వాలి. అన్నీ చేశాం. బోర్డు బతకలేదు, మోటారూ బతకలేదు. మోయిరే తిరగాలంటే ఇంకేం దారి? వాచ్ బాబాయ్ దగ్గర ఇంకో స్టాప్‌వాచ్ ఉంది.

అక్కడే చిక్కొచ్చింది. బురదలో నానిన జాలీకి పాత ఇత్తడి రంగు వచ్చేసింది. నల్ల డొక్కు మెరుపు పోయి అంచులు అరిగినట్టయ్యాయి. విప్పి చూస్తే లోపల టిక్ టిక్‌మంటూ స్టాప్‌వాచ్ మిషన్. అచ్చం 1966 నాటి వస్తువు. నకలు అని చెప్పేది ఇక ఒక్కటే, అడుగున అచ్చేసిన కంపెనీ పేరు.

వాడు ఫొటోలు పెట్టాడు, అమ్మకానికే. ఇంటి రిపేరుకి డబ్బు కావాలి, బైక్ ఇంజన్‌లోకి నీళ్లెళ్లాయి. ఒకరిద్దరు తొమ్మిది వేల దాకా వచ్చారు. తర్వాత వేరే ఊరి నుంచి ఒక మధ్యవర్తి ఫోన్. “అడుగున అక్షరాలు ఎమరీతో తీసేయండి. షూటింగ్‌లో వాడిందని నేను చెప్పుకుంటా, కాగితం నేను చూసుకుంటా. మీకు లక్షా అరవై.” స్పీకర్ పెట్టి నాకూ వినిపించాడు. ఫోన్ పెట్టేశాక ఇద్దరం గోడ మీద నీటి మరక చూస్తూ కూర్చున్నాం. నా తలెత్తు ఉంది ఆ మరక.

“కొనేవాడికి తెలీదు మావా. వాడు దాన్ని చూసుకుని జీవితాంతం హ్యాపీగానే ఉంటాడు. ఎవరికి నష్టం చెప్పు?” అన్నాడు.

నిపుణుడి చేతిలో పెడితే పది నిమిషాల్లో పట్టుబడుతుందని చెప్పా. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. పట్టుబడకపోతే? వాళ్ల నాన్నగారు లోపల తడిసిన పుస్తకాలు ఎండలో ఆరబెడుతున్నారు. లక్షా అరవై అంటే ఆ ఇంటికి రెండు గదుల ప్లాస్టరింగ్, రంగులు, ఒక ఫ్రిజ్. నా జీతం ఆగలేదు, మా ఇంట్లోకి నీళ్లు రాలేదు. వాడికి నీతులు చెప్పే పొజిషన్‌లో నేను లేను, చెప్పలేదు కూడా. నా దగ్గరున్నంత అప్పుగా ఇస్తానన్నా. సగం తీసుకున్నాడు.

రెండ్రోజుల తర్వాత గవర్నర్‌పేట వచ్చి, నన్ను కూడా పిలవకుండా, షీల్డుల షాపుకి వెళ్లాడట. కంపెనీ పేరు కింద ఇంకో లైను లేజర్‌తో చెక్కించాడు. “నకలు. బుడమేరు వరదలో తడిసింది. 2024.” చెక్కినందుకు ఎనభై రూపాయలు తీసుకున్నారు. మధ్యవర్తికి ఆ ఫొటో పంపితే, బ్లూ టిక్ పడింది, జవాబు రాలేదు.

గుంటూరులో ఇంజినీరింగ్ చదివే కుర్రాడు తొమ్మిది వేలకి కొన్నాడు. ఎప్పుడు కొన్నది, ఎన్ని రోజులు నీళ్లలో ఉంది, ఏయే పార్టులు మార్చాం, ఎవరు మార్చారు, అన్నీ తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టిచ్చాడు మావాడు. బైక్ ఆ డబ్బుతోనే నడిచింది. ప్లాస్టరింగ్ ఒక గది ఇప్పటికీ అలాగే ఉంది.

మొన్న ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. డిస్క్ సగం తిరిగి ఆగిపోతోందట. వాచ్ బాబాయ్‌ని అడిగితే, నూనె ఎండిపోయుంటుంది, తీసుకురమ్మను అన్నాడు. ఆదివారం షాపు తియ్యడు కాబట్టి సోమవారం పొద్దున బస్సుకి వస్తున్నాడు. ఆదిత్య టైమ్ మెషీన్ కొలతలు కూడా వాడికి చూపించాలి.